ముక్కలన్నీ కలిసి మన మీదికి వస్తాయా?

ఈ పక్షం ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా రోబోల గురించే. ఒకే వీడియో చాలా ఇళ్లకు చేరినట్టుంది. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పినదాన్ని. ఈ మోటార్లూ చిప్పులూ నా చేతుల్లో తిరిగినవే. తెలిసింది దాచకుండా చెబుతాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబు ఎనిమిదో తరగతి. వందల కొద్దీ చిన్న చిన్న రోబోలు ఎవరూ ముట్టుకోకుండానే జరుగుతూ జరుగుతూ వెళ్లి నక్షత్రం ఆకారంలో నిలబడే వీడియో చూశాడు. "రేపు ఇవే మనిషి ఆకారంలో లేచి నిలబడతాయి, అప్పుడు ఎవరూ ఆపలేరు" అని అందులో ఎవరో చెబుతున్నారు. వారం నుంచి వీడు ఒంటరిగా పడుకోవట్లేదు. వాళ్ల నాన్న కసురుతున్నారు. నిజం చెప్పాలంటే నాకూ లోపల టెన్షన్‌గానే ఉంది. – ఒక తల్లి, తణుకు

అమ్మా, ముందు బాబును కసరొద్దని వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి. వాడు చూసిన దృశ్యం నిజంగా జరిగిందే. దాని మీద ఎవరో అతికించిన మాటలే అబద్ధం. ఎనిమిదో తరగతి పిల్లాడు ఆ రెండింటినీ విడదీసుకోలేడు. పెద్దవాళ్లమే ఒక్కోసారి విడదీసుకోలేం.

అవి కిలోబాట్లు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో తయారయ్యాయి. ఆ ప్రయోగశాలను నడిపించిన రాధికా నాగ్‌పాల్ అమృత్‌సర్‌లో పెరిగిన అమ్మాయి. చీమలు, చెదపురుగులు మేస్త్రీ లేకుండా పుట్టలు ఎలా కడతాయన్నది ఆవిడకు ఏళ్ల తరబడి పట్టుకున్న ప్రశ్న. 2014 ఆగస్టులో ఆవిడ బృందం 1,024 రోబోలతో చేసిన ప్రయోగాన్ని ప్రకటించింది. అప్పటివరకు ఇంత పెద్ద గుంపుతో ఎవరూ అలాంటి పని చేయించలేదు.

ఒక్కో రోబో అడ్డంగా 3.3 సెంటీమీటర్లు. విడిభాగాల ఖర్చు ఒక్కోదానికి 14 డాలర్లు. దానికి చక్రాలు లేవు, చేతులు లేవు, కళ్లు లేవు. సన్నని గట్టి తీగల్లాంటి మూడు కాళ్లుంటాయి. సెల్‌ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టినప్పుడు బల్ల మీద దానంతట అది జరగడం మీరు చూసే ఉంటారు. కిలోబాట్ నడక అదే. అలాంటి వైబ్రేషన్ మోటార్లు రెండుంటాయి. ఒకటి వణికితే ఒక వైపు తిరుగుతుంది, రెండోది వణికితే రెండో వైపు, రెండూ కలిసి వణికితే ముందుకు. లోపలి చిప్పు ఏదో రహస్యమైనది కూడా కాదు. ఇంజనీరింగ్ పిల్లలు వాడే ఆర్డునో బోర్డు మీద ఉండే రకమే.

మరి నక్షత్రం ఎలా వచ్చింది? ముందు నాలుగు రోబోలను మనుషులు తమ చేత్తోనే ఒకచోట పెడతారు. పొలానికి హద్దురాళ్లు పాతినట్టు అనుకోండి. ఏ ఆకారం కావాలో ఆ బొమ్మను పైనుంచి కాంతి సంకేతంగా అన్నింటికీ ఒకేసారి పంపుతారు. గుంపు అంచున ఉన్న రోబో బయల్దేరి, చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు పక్కవాటి అంచు పట్టుకుని నడుస్తుంది. కింద బల్ల మీద పడి తిరిగి వచ్చే, మన కంటికి కనిపించని పరారుణ కాంతితో పొరుగున ఉన్నవాటికి "నేను హద్దురాళ్లకు ఇంత దూరంలో ఉన్నాను" అని చెబుతూ, వాటి లెక్క వింటూ ఉంటుంది. దాని వినికిడి జానెడు దూరం కూడా ఉండదు. తనకు రావలసిన చోటు వచ్చిందని లెక్క తేలగానే ఆగిపోతుంది. ఈలోపే దాని వెనక ఇంకొన్ని బయల్దేరి ఉంటాయి. ముగ్గులో చుక్కకు ముగ్గు తెలియనట్టే, తాను నక్షత్రంలో ఉన్నానని వాటిలో ఏ ఒక్కదానికీ తెలియదు.

బాబుకు తప్పకుండా చెప్పవలసిన మాట ఒకటుంది. అది జరగడానికి దాదాపు 12 గంటలు పట్టింది. వీడియోలో వేగం పెంచి చూపిస్తారు కాబట్టి మీదికి ఉరికి వస్తున్నట్టు ఉంటుంది. అసలు వేగంతో చూస్తే గడియారం చిన్న ముల్లును చూసినట్టే. మధ్యలో కొన్ని రోబోల మోటార్లు మొరాయించాయి, కొన్నిచోట్ల ట్రాఫిక్ జామ్ అయింది. నున్నటి చదునైన బల్ల కావాలి. మీ ఇంట్లో ఈతాకు చాప మీద పెడితే అంగుళం కదలవు. ఆపమని పైనుంచి ఒక్క సంకేతం ఇస్తే అన్నీ ఆగిపోతాయి.

భయం ఎలా పుడుతుందో నేను నా కళ్లతో చూశాను. ఓ ఏడాది ఫస్టియర్ పిల్లలతో పాత టూత్‌బ్రష్‌ల తలలు కోయించి, పాడైన ఫోన్లలోని వైబ్రేషన్ మోటార్లు వాటి మీద అతికించి, బటన్ సెల్ పెట్టించాను. బ్రష్ కుచ్చు మీద అవి చిన్న పురుగుల్లా బిరబిరా పరిగెత్తాయి. ల్యాబ్ అటెండర్ టిఫిన్ తెచ్చుకునే స్టీలు పళ్లెంలో ఏడింటిని వదిలాం. నిమిషం తిరగకుండా అన్నీ పళ్లెం అంచుకు చేరి, ఒకదాని వెనక ఒకటి బారులు తీరాయి. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, "మేడమ్, అవి మాట్లాడుకుంటున్నాయి" అంది. గొంతులో వణుకు నాకు ఇప్పటికీ గుర్తు.

ఆ ఏడింటిలో చిప్పు లేదు, ఒకదాన్ని ఇంకోదానితో కలిపే వైరు లేదు, ఒకదాని ఊసు ఇంకోదానికి తెలిసే దారే లేదు. ముందుకు పోయేది అంచు తగిలితే అంచు వెంటే పోతుంది, అంతే. కదిలేదాన్ని చూస్తే ప్రాణం ఉందనుకోవడం, కలిసి కదిలేవాటిని చూస్తే ఏదో పన్నాగం ఉందనుకోవడం మన పుట్టుకతో వచ్చిన గుణం. పొదలో ఏదైనా కదిలితే పామేమోనని వెనక్కి తగ్గినవాళ్ల సంతానం మనం. కాబట్టి బాబు పిరికివాడు కాడు.

ఈ ఆదివారం వాడితో కలిసి కూర్చుని ఆ వీడియోను సౌండ్ ఆపి చూడండి. ఒక్క రోబోను ఎంచుకుని దాన్నే చివరిదాకా గమనించమనండి. అది ఎన్నిసార్లు తడబడిందో లెక్కపెట్టమనండి.

ప్రశ్న: కప్ప కణాలతో చేసిన రోబోలు పిల్లల్ని కంటున్నాయని చదివాను. ఇంకోచోట ఒక రోబో మరో రోబోను తిని పెరుగుతోందని ఉంది. ఇలా వాటంతట అవే పెరుగుతూ పోతే భూమి మొత్తం నిండిపోవా? – డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్

బాబూ, నువ్వు చదివిన రెండు వార్తలకూ ఆధారం ఉంది. శీర్షికలు రాసినవాళ్లు వాడిన "కనడం", "తినడం" అనే మాటల దగ్గరే తేడా వచ్చింది.

కప్ప కణాల సంగతి ముందు. వాటిని జెనోబాట్లు అంటారు. ఆఫ్రికా కప్ప జాతి ఒకదాని పిండంలోని కణాలను తీసి, మిల్లీమీటరు కన్నా చిన్న ముద్దలుగా చేస్తే అవి నీళ్లలో వాటంతట అవే కదిలాయి. 2020లో అమెరికాలోని టఫ్ట్స్, వెర్మాంట్ విశ్వవిద్యాలయాల వాళ్లు ఇది చూపించారు. 2021లో ఇంకో అడుగు ముందుకేశారు. ఆ ముద్దలు ఈదుతూ, గిన్నెలో విడిగా ఉన్న కణాలను చీపురుతో చెత్త పోగేసినట్టు కుప్పలు చేశాయి. కొన్ని రోజులకు ఆ కుప్పలు కూడా ఈదసాగాయి. ఏ ఆకారమైతే బాగా పోగేస్తుందని కంప్యూటర్‌తో వెతికిస్తే, ఒక వైపు నోరు తెరిచినట్టుండే ఆకారం తేలింది. దీన్నే "పిల్లల్ని కనడం" అన్నారు. ఆ విడి కణాలను గిన్నెలో పోసింది మాత్రం శాస్త్రవేత్తలే. పోయడం మానేస్తే కుప్ప లేదు. పోసినా కొద్ది తరాలకే అది ఆగిపోయింది.

రోబోను తినే రోబో కొలంబియా విశ్వవిద్యాలయానిది. 2025 జూలైలో ప్రకటించారు. అయస్కాంతపు కొనలున్న కడ్డీలు, సాగుతాయి, ముడుచుకుంటాయి. విడి కడ్డీలు ఒకదానికొకటి తగులుకుని మూడు పలకల గోపురంలా నిలబడతాయి. దారిలో దొరికిన ఇంకో కడ్డీని తగిలించుకుని ముసలాయన చేతికర్రలా వాడుకున్న ఒకటి, అది లేనప్పటి కన్నా 66 శాతానికి పైగా ఎక్కువ వేగంతో పల్లంలోకి దిగింది. నాకు చాలా నచ్చిన ప్రయోగం అది. ఆ బృందాన్ని నడిపే హాడ్ లిప్సన్ 2005లో కార్నెల్‌లో ఉన్నప్పుడే, పది సెంటీమీటర్ల రోబో ఘనాలు నాలుగు పేర్చిన స్తంభం తనలాంటి స్తంభాన్ని రెండున్నర నిమిషాల్లో కట్టేలా చేశారు. అక్కడ కూడా ఘనాలను మనిషే అందించాలి.

ఇప్పుడు భూమి నిండిపోవడం గురించి. నీ భయం కొత్తది కాదు. తమను తాము తయారుచేసుకునే కంటికి కనిపించని యంత్రాలు అదుపు తప్పితే లోకమంతా బూడిదరంగు ముద్ద అయిపోతుందని 1986లో అమెరికా ఇంజనీరు ఎరిక్ డ్రెక్స్‌లర్ హెచ్చరించారు. 2004లో ఆయనే, అలాంటి యంత్రాలు తయారుచేయవలసిన అవసరమే లేదని వివరంగా రాశారు.

మా గోదావరి కాలువల్లో గుర్రపుడెక్క చూశావా? దొర ఎవరో పూలు బాగున్నాయని తెచ్చి పెంచుకున్నారని చెప్పుకుంటారు. ఇవాళ చెరువులకు చెరువులనే కప్పేస్తోంది. దానికి కావలసినవన్నీ నీళ్లలో, ఎండలో ఉన్నాయి. ఎవరూ తెచ్చి పెట్టనక్కర్లేదు. కిలోబాట్‌కు కావలసిన చిప్పు ఏ మట్టిలోనూ మొలవదు. దాని వెనక ఎన్నో దేశాల ఫ్యాక్టరీలు, ఓడలు, కరెంటు, కూలీలు ఉండాలి. ఆ గొలుసులో ఒక్క లంకె తెగితే పెరుగుదల అక్కడే ఆగుతుంది. కప్ప కణాల వంటి ప్రాణమున్న పదార్థంతో చేసే ప్రయోగాల మీద మాత్రం గట్టి నిఘా ఉండాలని నేనూ అంటాను. ప్రాణం తన తిండి తాను వెతుక్కోగలదు.

ప్రశ్న: ఫేస్‌బుక్ వాళ్ల రెండు కంప్యూటర్లు మనకు అర్థంకాని సొంత భాష కనిపెట్టుకుని మాట్లాడుకుంటుంటే హడలిపోయి ప్లగ్గు పీకేశారట కదా? – గృహిణి, వరంగల్

అమ్మా, ఇది 2017 నాటి కథ. ఇన్నేళ్లయినా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. బాబ్, ఆలిస్ అని రెండు ప్రోగ్రాములకు పుస్తకాలు, టోపీలు, బంతులు ఇచ్చి బేరమాడి పంచుకోవడం నేర్పుతున్నారు. బేరం గెలిస్తే మార్కులు వేశారు గానీ, మంచి ఇంగ్లిష్ మాట్లాడితే మార్కులు వేయలేదు. దాంతో అవి "నాకు నాకు నాకు" అని ఒకే మాటను పదేపదే అనడం మొదలుపెట్టాయి. సంతలో బేరగాళ్లు తువ్వాలు కింద వేళ్లు నొక్కుకుని ధర తేల్చుకోవడం చూశారా, అలాంటి పొట్టిదారి అది. ఎవరూ హడలిపోలేదు. మనుషులతో మాట్లాడే ప్రోగ్రాము కావాలి గనుక లెక్క మార్చి మామూలు ఇంగ్లిష్‌లోకి తెచ్చారు.

ప్రశ్న: సైన్సు చెప్పేవారు ఎప్పుడూ "భయం లేదు" అనే అంటారు. ఈ కృత్రిమ మేధకు పునాది వేసిన పెద్దాయనే ఉద్యోగం వదులుకుని ప్రమాదముందని హెచ్చరిస్తున్నారు కదా. మేము ఎవరిని నమ్మాలి? – విశ్రాంత తెలుగు పండితుడు, మదనపల్లె

మాస్టారూ, నమస్కారం. భయం లేదని నేను చెప్పను.

మీరన్నది జెఫ్రీ హింటన్ గురించి. 2023 మేలో, 75 ఏళ్ల వయసులో, స్వేచ్ఛగా మాట్లాడటానికే గూగుల్ నుంచి బయటికి వచ్చారు. మరుసటి ఏడాది ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డును 2018కి ఆయనతో కలిసి అందుకున్న ఇద్దరిలో యోషువా బెంజియో కూడా హెచ్చరించేవారే. యాన్ లెకన్ మాత్రం ఇది అతి భయమంటారు. ఒకే అవార్డు పంచుకున్న ముగ్గురూ ఒక మాట మీద లేనప్పుడు నేను తీర్పు చెప్పలేను. కానీ హింటన్ భయపడేది ముక్కలు కలిసి లేచే రోబోల గురించి కాదని గమనించండి. మనకన్నా తెలివైన ప్రోగ్రాముల లక్ష్యాలు మన అదుపులో ఉంటాయా, దుర్మార్గుల చేతికి చిక్కితే ఏమవుతుంది అన్నది ఆయన బాధ. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దనే అంటాను.

నాకున్న భయం నేను చూసినదాని నుంచి వచ్చింది. పదేళ్ల కిందట, మా వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దావిడకు మూడు నెలలుగా పింఛను రాలేదంటే తోడు వెళ్లాను. ఆవిడ పాతికేళ్లు రొయ్యలు ఒలిచింది. వేళ్ల కొసలు గాజులా నునుపుదేలిపోయాయి. మెషీన్ మీద బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. నోటి ఆవిరి పట్టి పెట్టింది. చూపుడువేలు పెట్టింది. తర్వాత వరసగా పది వేళ్లూ పెట్టింది. అక్కడి కుర్రాడు చెడ్డవాడేం కాదు, కుర్చీ కూడా వేశాడు. "మెషీన్ తీసుకోవట్లేదమ్మా, నేనేం చేయను" అన్నాడు. ఆవిడ వాణ్ని ఒకటే అడిగింది: "నేను తెలీదా నీకు?" వాడు తలదించుకున్నాడు. వాడికి ఆవిడ తెలుసు. వాళ్లమ్మతో కలిసి పనిచేసింది. కానీ తెలుసని రాసే గడి ఆ మెషీన్‌లో లేదు.

ఆ మెషీన్‌కు తెలివి లేదు, పగ లేదు, కిలోబాట్‌లా కదలను కూడా కదలదు. అయినా ఒక మనిషిని మూడు నెలలు పస్తుపెట్టింది. చివరికి కంటిపాపతో గుర్తించే మెషీన్ ఉన్నచోటికి తీసుకెళితే పని జరిగింది. తోడు వెళ్లేవాళ్లు లేనివాళ్ల సంగతేమిటని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇది ఒక్క వీధి కథ కాదు. తెలంగాణలో 2014 తర్వాతి ఏళ్లలో రద్దయిన ఆహార భద్రత కార్డులు దాదాపు 19 లక్షలు. కంప్యూటర్ సరిపోల్చిన లెక్కలతో, విచారణ లేకుండా తీసేశారని కేసు వేస్తే, 2022లో సుప్రీంకోర్టు వాటిని మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని ఆదేశించింది. ఎవరి పేరో ఇంకెవరి పేరుతోనో కలిసిపోతే, లేని కారు ఉన్నట్టయి రేషన్ బియ్యం ఆగిపోయిన ఇళ్లున్నాయి.

అందుకని మాస్టారూ, యంత్రం రేపు ఏమవుతుందని అడిగే ప్రతిసారీ, ఇవాళ దాని నిర్ణయాన్ని కొట్టివేయగల మనిషి ఎవరని కూడా అడుగుదాం. ఆ మనిషి పేరు గోడ మీద రాసి ఉండాలి. ఎందుకు కాదన్నారో కాగితం మీద తెలుగులో రాసివ్వాలి. యూరప్ దేశాలు 2024లో తెచ్చిన చట్టంలో, జనం బతుకుల మీద ప్రభావం చూపే ఇలాంటి వ్యవస్థలపై మనిషి పర్యవేక్షణ తప్పనిసరి చేశారు. మనకూ అది కావాలి. మీరు ఊళ్లో మాట చెల్లే మనిషి. మీ గ్రామసభలో ఈ మాట ఎత్తండి, ఏం జరిగిందో నాకు ఉత్తరం రాయండి. ఈ పేజీలోనే వేస్తాను.

ప్రశ్న: మేడమ్, నాకు రోబో తయారుచేయాలని ఉంది. మా స్కూల్లో ల్యాబ్ లేదు. డబ్బులు ఎక్కువ లేవు. ఇంట్లో నేను, అమ్మ, రెండేళ్ల చెల్లి. ఎలా మొదలుపెట్టాలి? – తొమ్మిదో తరగతి, పలాస

నాన్నా, పైన తణుకు అమ్మగారికి చెప్పిన టూత్‌బ్రష్ పురుగుతోనే మొదలుపెట్టు. కుచ్చు ఒకే వైపుకు వంగిన పాత బ్రష్ అయితే మంచిది, అది వంగిన వైపును బట్టే ముందుకు పోతుంది. తల దగ్గర కోయడానికి అమ్మ సాయం తీసుకో. సెల్‌ఫోన్ రిపేరు షాపులో అడిగితే పాడైన ఫోన్ల మోటారు ఇస్తారు. దాని కొసన ఒక పక్కకు బరువుండే చిన్న ముక్క ఉంటుంది, అది తిరిగినప్పుడే వణుకు వస్తుంది కాబట్టి దానికి టేపు తగలనివ్వకు. రెండు వైపులా అంటుకునే టేపుతో మోటారును బ్రష్ మీద అతికించు. మూడు వోల్టుల బటన్ సెల్ పైన ఒక వైరు, కింద ఒక వైరు తాకిస్తే చాలు.

ఒకటి చేశాక ఆగిపోవద్దు. అయిదారు చేసి పళ్లెంలో వదులు. తర్వాత పళ్లెం మధ్యలో చిన్న గ్లాసు బోర్లించి చూడు. ఒక బ్రష్ కుచ్చును కొంచెం పక్కకు వంచి చూడు. ప్రతిసారీ ఏం జరుగుతుందో ముందు నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ తర్వాతే మోటారు తిప్పు. మా ల్యాబ్‌లో పిల్లలకు నేను పెట్టిన నియమం ఇదొక్కటే.

చెల్లి ఉందని రాశావు కాబట్టి ఇంకోమాట. బటన్ సెల్ పిల్లలకు చాక్లెట్ బిళ్లలా కనిపిస్తుంది. మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవడం మొదలవుతుంది. ఆట అయిపోగానే ఎన్ని సెల్స్ తీశావో అన్నీ లెక్కపెట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో వేసి, అమ్మ చేతికివ్వు. ఒక్కటి తగ్గినా వెతికేదాకా చెల్లిని కింద కూర్చోనివ్వకు. మింగిందని అనుమానం వస్తే వాంతి చేయించవద్దు, రేపు చూద్దామనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమను.